పారేయమన్న బూటు

కస్టమర్ కేర్ పెద్ద అధికారి గారికి,

నమస్కారం. నాచారం నుంచి రాస్తున్నాను. మీ దగ్గర మిక్సీ ఆర్డర్ చేస్తే, వచ్చిన పెట్టెలో చిన్నపిల్లల బూటు ఒక్కటే ఉంది. ఒక కాలు పొట్టిగా ఉన్న బిడ్డ కోసం దాని అడుగు మందంగా చేయించారు. ఫోన్ చేస్తే మీ కస్టమర్ కేర్ అమ్మాయి, "సారీ మేడమ్, డబ్బులు వాపస్ వేస్తాం. అది మాకు అక్కర్లేదు, పారేయండి" అంది. నా చెవులను నేనే నమ్మలేకపోయాను. "ఎవరి బిడ్డో దీనికోసం ఎదురుచూస్తుంటుందమ్మా" అన్నాను. "ఆ ఆర్డర్ డెలివరీ అయినట్టే ఉంది మేడమ్" అని పెట్టేసింది.

పెట్టె మీద నా పేరున్న చీటీ పీకి చూస్తే, కింద బోడుప్పల్ చిరునామా ఉంది. ఆటోలో వెళ్లాను. తలుపు తీసిన దుర్గాభవాని గారు బూటు చూసి గడపలోనే కూలబడ్డారు.

"బూటు మాకు ముట్టలేదని కంపెనోళ్లకు ఎన్నిసార్లు జెప్పినా ఇనలే అక్కా. తీసుకొని అబద్ధమాడుతున్నవన్నరు. ఫోన్ స్పీకర్ల ఉండె, నా బిడ్డ గూడ ఇన్నది. 'అమ్మా, నిజంగనే దాసినవా?' అని అడిగింది."

అది పొరపాటున నా ఇంటికొచ్చిందని ఆ బిడ్డకు చెప్పి, బూటు చేతికిచ్చాను. ఆమె కూతురు సంతోషి బూటు తొడుక్కుని, గోడ పట్టుకోకుండా గేటు దాకా నడిచింది. తల్లి వైపు మాత్రం చూడలేదు.

మిక్సీ సంగతి తర్వాత. ముందు ఆ ఇంటికి ఫోన్ చేయండి. వాళ్లమ్మ అబద్ధమాడలేదని ఆ పిల్లకే చెప్పండి. నేను చెప్పాను గానీ, ఆ నింద వేసింది మీరు.

ఇట్లు,
మీ దగ్గర సామాను కొన్న ఒక గృహిణి