సింధు మీద వాళ్ళన్నయ్య నిఘా

రెజైనా, కెనడా, నవంబరు, మంగళవారం

ఈరోజు క్లాసులో డిబేట్. ఆన్‌లైన్‌లో నమూనాలు దించుకుని ఇంట్లో తయారుచేసుకునే తుపాకులకు సీరియల్ నంబరుండదు, ఎవరు చేశారో పట్టుకోలేరు, అందుకే ప్రభుత్వం ఆన్‌లైన్‌లో అందరి మీదా ఓ కన్నేసి ఉంచాలని నేను వాదించాను. నా రూమ్మేట్ సింధు లేచి, "మా అన్నయ్య ఇండియా నుంచి రోజూ నా ఫోన్ ఎక్కడుందో చూస్తాడు. సేఫ్టీ అంటాడు. నాకు ఊపిరాడదు," అంది. చప్పట్లన్నీ తనకే. కడుపు మండింది.

సాయంత్రం ఇద్దరం బస్టాపులో ఉండగా సింధుకి వాళ్ళన్నయ్య ఫోన్ చేశాడు. తను స్పీకర్‌లో పెట్టింది. అక్కడింకా తెల్లవారనేలేదు.

"ఇంకా కాలేజీ దగ్గరే ఉన్నావేంటే? బస్సు రాలేదా? ఆ చలిలో ఎంతసేపు నిలబడతావ్?"

"అబ్బా, వస్తుందిలే అన్నయ్యా," అని సింధు విసుగ్గా పెట్టేసింది.

డిబేట్‌లో ఓడినప్పుడు కూడా నాకంత కుళ్ళు పుట్టలేదు. నేనెక్కడున్నానో ఈ వారమంతా ఎవరూ అడగలేదు.

నేనైతే ఆ ఫోన్ పెట్టేసేదాన్ని కాదు.