రెండో కెమెరాకు రాని బండి

లింబాయత్, సూరత్
మే 2020

హైవే కంట్రోల్ రూం ఇంజనీరు రామలింగేశ్వరరావు సారుకు, సాంచల (మరమగ్గాల) కార్మికుడు పరుశురాం తల్లి చెప్పి రాయిస్తున్నది.

నాకు చదువు రాదు. కోడలు జమున రాస్తున్నది. నా మాట మెత్తగా మార్చొద్దని ఆమెతో ఒట్టు వేయించాను.

లాక్‌డౌన్‌లో సాంచలు బందై, సోమవారం పొద్దున నా కొడుకు పదకొండు మందితో టెంపోలో ఊరికి బయలుదేరాడు. హైవే మీద మీ మొదటి కెమెరా ఆ బండిని చూసింది, రెండోది చూడలేదు. నాలుగు రోజులైంది. ఒక్కరి ఫోనూ మోగడం లేదు.

ఫోన్లో మీరేమన్నారు? "ప్రమాదమైతే వెనక బండ్లు ఆగిపోతాయమ్మా, ఆ లెక్కతోనే మా కంప్యూటర్ పట్టేస్తుంది. ఆ రోజు ఎక్కడా ఆగలేదు. రోడ్డు సాఫీగా ఉంది" అన్నారు.

దేశమంతా బందుంటే వెనక బండ్లేవి సారూ, ఆగడానికి?

మా సాంచ కూడా అంతే. అడ్డంగా పోయే పేక తెగితే తనే ఆగుతుంది. నిలువు పడుగులో పోగు తెగితే ఆగదు, నేస్తూనే పోతుంది. బట్టలో సందు చూసి మనిషే పట్టుకోవాలి. నలభై ఏండ్లు నేను చేసింది ఆ పనే. మీరు సందు చూడలేదు.

రెండు కెమెరాల నడుమ పాత వంతెన ఉందట. మనిషిని పంపమంటే పంపలేదు. ఎల్లుండి పొద్దున ఏడింటికి ఇంకో టెంపోలో నేనే పోతున్నాను. వంతెన దగ్గర దిగి కిందికి చూస్తాను. ఆ బండి నంబరు జమున ఈ కాగితం వెనక రాసింది. పదింటి లోపల మీ రెండో కెమెరాకు మేము కనపడాలి.

కనపడకపోతే మాత్రం, రోడ్డు సాఫీగా ఉందని జమునకు చెప్పకండి.

(ఎడమ బొటనవేలి ముద్ర)