అత్తమ్మతో దవాఖానాకు

నువ్వు చదవవని తెలుసు. అయినా నిన్నటి సంగతి నీకు కాక ఇంకెవరికి చెప్పను?

గోదావరి వరదలో నువ్వు పోయినప్పటి నుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు. వాన చప్పుడు వింటే చాలు, లేచి గుమ్మంలోకి పరుగెడతాను. పొయ్యి మీద అన్నం మాడుతున్నా తెలియదు. భద్రాచలం దవాఖానాలో కౌన్సెలింగ్ చేస్తారని మన ఆశా వర్కర్ చెప్పింది. ఊళ్లో పిచ్చిదంటారేమోనని నేను వెనకాడుతుంటే, మీ అమ్మే నన్ను బస్సెక్కించింది.

"జ్వరమొస్తే దవాఖానాకు పోమా? ఇది గూడ గంతే. నడువు బిడ్డా," అంది.

అత్తమ్మ బయట బెంచీ మీద కూర్చుంది. లోపల కౌన్సెలింగ్ మేడమ్ ఎదుట చాలాసేపు నాకు ఏడుపే వచ్చింది. ఆమె తొందరపెట్టలేదు, మంచినీళ్లిచ్చి ఆగింది. తర్వాత ఆ రోజు జరిగిందంతా చెప్పాను. మళ్లీ వారం రమ్మంది.

బయటికొచ్చి, "ఇంటికి పోదామా అత్తమ్మా?" అన్నాను. ఆమె లేవలేదు.

"నాకు గూడ నిద్ర పడ్తలేదు బిడ్డా. ఆ మేడమ్ నాతోని గూడ మాట్లాడుతదా?"

అడిగితే మేడమ్ రమ్మంది. చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాను. ఇన్నాళ్లూ ఇంట్లో నీ ఊసెత్తని మనిషి, కుర్చీలో కూర్చోకముందే "నా కొడుకు..." అని మొదలుపెట్టింది.