సాంచల పక్కన నీ టర్బో కారు

అన్నా, నువ్వు పోయి ఇయ్యాల్టికి యాడాది. ట్యూనింగ్ చేయించిన నీ టర్బో కారుకని తెప్పించి, బిగించకుండనే మంచం కింద పెట్టిపోయిన గా ఇంజన్‌కు గాలి గుంజే ఇంటేకు పైపును, దాని ఫిల్టర్‌ను పోయిన వారం నేనే బిగించిన. బ్యాటరీకి తాకుతున్నదని రెండుసార్లు ఇప్పి మళ్ల బిగించిన. వారం తిరగకముందే బండి గుంజుడు బందైంది. బానెట్ లేపి చూస్తే, మూత లేని నీ కొత్త ఫిల్టర్ నిండ నూలు దుమ్మే! సిరిసిల్లల బట్ట నేసే సాంచల షెడ్డు పక్కనే పుట్టి పెరిగినోనివి, గింత సోయి లేదా నీకు? కంపెనీ ఇచ్చిన పాత ఫిల్టర్ డబ్బాకు మూతన్న ఉండె. నిన్ను తిట్టుకుంట దులుపుతుంటే అమ్మ అచ్చింది.

"ఆగు బిడ్డా, దానికి పలుచటి తొడుగు కుడుత" అన్నది.

యాడాది సంది ఎవ్వరినీ ముట్టనియ్యని నీ గళ్ల లుంగీని తనే తెచ్చి, పర్రున చింపింది.