దొరసానుల వరసలో వరమ్మ

కమలాపురం

కడపలో బొమ్మలు గీసే సుధీరప్పకు, దాసన్న వందనాలు.

నాకు ఫోనులో మాట సరిగా వినపడదు, అందుకే ఉత్తరం. నా భార్య వరమ్మ బొమ్మ అందింది. మా చర్చి గోడ మీద ఇంతవరకూ తెల్లదొరలూ దొరసానులే ఉన్నారు. మనవాళ్లలో మొదటగా, ఆదివారం బడి పిల్లలకు పాటలు నేర్పిన వరమ్మ బొమ్మ పెడదామని సంఘమంతా అనుకుంది. తీరా విప్పితే పక్కింటి రెజీనా చేతులు జోడించి, "ఈ దొరసానమ్మ మనూర్లో యాడుండేదన్నా?" అంది. పక్కనే వరమ్మ నిలబడి ఉంది! మా వరమ్మ నలుపు. ఆ నలుపే కావాలి. బొమ్మ బస్సులో తిప్పి పంపుతున్నాను.

ఇట్లు, దాసన్న

తా.క.: చీర బాగా కుదిరింది. నేను చీరను బట్టే గుర్తుపట్టాను.

---

కడప

పెద్దలు దాసన్నగారికి, సుధీర్ నమస్కారాలు.

దొరసాని అనుకున్నారంటే నా చెయ్యి పండినట్టే. ఇన్నేళ్లలో తెలుపు తగ్గించమన్నవాళ్లు లేరు. దిష్టి తగలకూడదని మీరలా రాశారని అర్థమైంది. ఇంకో పూత తెలుపు వేసి పంపుతున్నాను.

మీ సుధీర్

తా.క.: బుగ్గల మీద గులాబీ రంగు నా కానుక.

---

కమలాపురం

సుధీరప్పకు, దాసన్న రాయడమేమంటే,

ఏమప్పా, ఇప్పుడు వరమ్మ ముఖానికి సున్నం కొట్టినట్టుంది! ఆ తెల్లరంగు డబ్బాకు మూత బిగించు. నలుపు కలపడం రాదా? బొమ్మతో పాటు నమూనాకు మా సంగటి కుండ కూడా పంపుతున్నాను. చూసి కలుపు.

కోపంతో, దాసన్న

తా.క.: కుండ తొందరగా పంపించు. వరమ్మ వెతుకుతోంది.

---

కడప

దాసన్నగారికి, సుధీర్ క్షమాపణలతో,

కుండ నలుపు ముఖానికి వేస్తే మసి పూసినట్టుంటుంది. వరమ్మగారి రంగు రావాలంటే గోధుమరంగులో కాస్త ఎరుపు, చిటికెడు నీలం పడాలి. అది నాకు తెలియక కాదు. దిష్టి మాట అబద్ధం. మీ ఉత్తరం వచ్చిన ప్రతిసారీ మీ ఇంటి నుంచి అమ్మ ఫోన్ చేస్తోంది. "నాయనా, అంతమంది తెల్లోళ్ల నడుమ నేనొక్కదాన్నే నల్లగా కనపడల్లంటే శానా సిగ్గుగా ఉండాది. తెల్లగానే వెయ్యి" అంటోంది. నేనెవరి మాట వినాలి? అమ్మను ఒకసారి తీసుకురండి.

మధ్యలో నలిగిన సుధీర్

తా.క.: కుండ పోయిందని కూడా నాకే ఫోన్ చేసింది.

---

కమలాపురం

సుధీరప్పకు, దాసన్న దీవెనలు.

మేం కడపకొచ్చిన రోజు నువ్వు కలిపిన రంగు వరమ్మ చేతి మీదే రాసి, "ఏది రంగు, ఏది చెయ్యి, చెప్పమ్మా" అన్నప్పుడు తను సగం మెత్తబడింది. మిగతా సగం నిన్న చర్చిలో. తెర తీయగానే పిల్లలంతా "మా వరమ్మవ్వ!" అని అరిచారు. దొరసానుల బొమ్మల కింద ఏనాడూ తలెత్తని పిల్లలు! వరమ్మ ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచుకోవడమెందుకు. గోడ మీద నా భార్య నా భార్యలాగే ఉంది.

సంతోషంతో, దాసన్న

తా.క.: వరమ్మ తన బొమ్మ ముందు చాలాసేపు నిలబడి, అటూ ఇటూ ఉన్న దొరల్ని చూసి దిగులుపడింది. "పాపం, వీళ్లంతా జరమొచ్చినట్ల పాలిపోయి ఉండారు. ఆ పిల్లోనికి చెప్పి వీళ్లకూ ఇంత రంగు పూయించు" అంటోంది. ఎప్పుడొస్తావు?