ఓడకి గోడవైపు

ప్రియమైన బుడంకాయకి,

నవ్వనంటే ఒక సంగతి చెబుతాను. నవ్వినా చెబుతాను, నీకు తప్ప ఇంకెవరికి చెప్పుకోను? నేను ఓడ కడుతున్నాను. బొమ్మ ఓడేలే. కానీ పాతకాలం వాళ్ళు అసలు ఓడని ఎలా కట్టారో అచ్చం అలాగే, చెక్కతో. రెండొందల యాభై ఏళ్ళ కిందటి యుద్ధనౌక. మూడు స్తంభాలు, ముప్ఫై ఒక్క తెరచాపలు, డెబ్భై నాలుగు ఫిరంగులు. నక్షాలు పన్నెండు తెప్పించి గోడకి అంటించాను. అమ్మ వాటిని చూసి "ఇన్ని తాళ్ళేమిట్రా, బట్టలారేసుకోడానికా?" అంది.

చెక్కపని నాకు రాదని నీకు తెలుసు. నీ చిన్నప్పుడు విరిగిన నీ స్కేలు అతికిస్తే మూడో రోజు మళ్ళీ విరిగింది. అయినా నక్షా చదవడం వచ్చు కదా, డ్రాయింగు ఆఫీసులో పద్నాలుగేళ్ళు గీతలు గీసిన చెయ్యి ఇది. ఆఫీసు మూసేసి మమ్మల్ని ఇళ్ళకి పంపాక దీనికి పని లేకుండా పోయింది. ఇప్పుడు ఇంట్లో కూర్చుని రైళ్ళ టైమ్ టేబుల్ ప్రూఫులు దిద్దుతున్నాను. ఏ బండి ఎక్కడ ఎన్ని నిమిషాలు ఆగుతుందో నిద్రలో అడిగినా చెబుతాను. నేను బండెక్కి మాత్రం తొమ్మిదేళ్ళయింది.

అమ్మ అలాగే ఉంది. ఎనిమిదేళ్ళ కిందట తుంటి విరిగిన నాటి నుంచీ నా భుజం ఆసరా లేకుండా మంచం దిగదు. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. వారానికోసారి ప్రూఫులివ్వడానికి ప్రెస్సుకెళ్తే గంటలో తిరిగి రావాలి. ఆ గంటా నా ప్రాణం మంచం దగ్గరే ఉంటుంది. ఓడకి మూడేళ్ళు పడుతుందని అంచనా. ఈ నాలుగు గోడల మధ్య ఊపిరాడడం లేదే, అందులో మూడేళ్ళు చేసుకోవడానికో పని దొరికిందంటే ఎంత హాయిగా ఉందో!

బావగారినడిగి సన్న బద్దలు పంపించు. వడ్రంగి బావ ఉండి కూడా చెక్క కొనుక్కుంటే నలుగురూ నవ్వుతారు.

నీ
అన్నయ్య


ప్రియమైన అన్నయ్యకు,

నవ్వాను. మీ బావ మాత్రం నవ్వలేదు. చెవి మీది పెన్సిలు తీసి నీ ఉత్తరం వెనకే లెక్కలు వేశారు. "మీ అన్నయ్య నేల విడిచి సాము చేస్తున్నాడు. ముందు ఒంటి స్తంభం పడవ ఒకటి చెయ్యమను. అది తేలక్కర్లేదు, బల్ల మీద నిటారుగా నిలబడితే చాలు" అన్నారు. అలా అంటూనే సాయంత్రం దాకా షాపులో కూర్చుని రెండొందల బద్దలు చీల్చారు. వంచే ముందు నీళ్ళలో నానబెట్టాలట. పార్సిల్ చేరిందో లేదో రాయి. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అని ఊరుకోకు.

అన్నయ్యా, ఆ ఓడ అసలుది రేవులో ఇంకా ఉందట కదా? బాగుచేసి జనానికి చూపిస్తున్నారట. మీ ఊరి నుంచి రైల్లో ఆరు గంటలు, నాకంటే నీకే బాగా తెలుసు. వెళ్ళి కళ్ళారా చూడకూడదూ? అమ్మని పదిహేను రోజులు నేను తెచ్చుకుంటాను. మాకు మెట్ల గొడవ లేదు. పిల్లలు హాస్టల్లో ఉన్నారు, గది ఖాళీగా ఉంది. ఆ నాలుగు రోజులైనా నువ్వు గాలి పీల్చుకో. నేను పెళ్ళి పేరుతో తప్పించుకుని నిన్ను అక్కడ వదిలేశానన్న బాధ నాకెప్పుడూ ఉంటుంది. పైకి చెప్పనంతే.

నీ
బుడంకాయ


ప్రియమైన చెల్లికి,

బద్దలు చేరాయి. బావగారికి దణ్ణాలు. ఆలస్యమైందని కోప్పడకు. వెన్నుకర్ర నిలబెట్టి, పక్కటెముకలు బిగించి, పైన బద్దలు వేయడం మొదలెట్టేసరికి నాలుగు నెలలు పట్టింది. ఒంటి స్తంభం పడవ నా వల్ల కాదు. చిన్నదైతే తొందరగా అయిపోతుంది, తర్వాత ఏం చెయ్యను?

రేవుకి వెళ్ళడం కుదరదు. అమ్మని మూడంతస్తులు దించేదెవరు? దించినా దారిలో కుదుపులకి తుంటి మళ్ళీ విరిగితే? ప్రూఫులున్నాయి, ఎండాకాలం టైమ్ టేబుల్ వస్తోంది. పైగా బద్దలు నానబెట్టి ఉన్నాయి, వదిలేస్తే కుళ్ళిపోతాయి. నాకు మాత్రం వెళ్ళాలని ఉండదా?

ఓడని పలక మీద పెట్టి, పలకని బల్లకి మేకులతో బిగించేశాను. బల్ల గోడకి ఆనించి ఉంటుంది, నేను మంచం వైపు కూర్చుంటాను. అమ్మ కదిలితే తెలియాలి కదా. ఇటు పక్క అరవై రెండు బద్దలు పూర్తయ్యాయి. నున్నగా, చెయ్యి వేస్తే జారిపోతుంది. అవతలి పక్క గోడవైపుంది, చెయ్యి దూరదు. ఇటు అంతా అయ్యాక బల్ల లాగి అటు చూసుకుంటాను.

నీ
అన్నయ్య


అన్నయ్యా,

ప్రియమైన అని రాయను, కోపంగా ఉన్నాను. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నట్టుంది నీ వరస. కుళ్ళిపోయే బద్దలట!

నీ ఉత్తరం చదవగానే మీ బావ చేతిలో ఉలి కింద పెట్టేశారు. "ఒక పక్కే వేసుకుంటూ పోతున్నాడా? కుడికొకటి వేస్తే ఎడమకొకటి వెయ్యాలి. తడి బద్ద ఆరేకొద్దీ లాగుతుంది. రెండో పక్క పట్టి ఉంచేది లేకపోతే ఓడ మొత్తం వంకర పోతుంది. వెంటనే ఆపమను" అన్నారు. నువ్వు అటు పక్క చూసి ఎన్నాళ్ళయింది?

వచ్చే ఆదివారం మేమిద్దరం వస్తున్నాం. షాపులో చేతుల కుర్చీకి మీ బావ రెండు పక్కలా కర్రలు బిగించారు. అమ్మని పల్లకీలో రాణిలా దించుతాం. కాదూ కూడదూ అని ఉత్తరం రాయకు, అది చేరేలోపు మేమే గుమ్మంలో ఉంటాం.

బుడంకాయ


ప్రియమైన చెల్లికీ బావగారికీ,

రేవు ఊరి నుంచి రాస్తున్నాను. మీరు అమ్మని దించుతుంటే నేను పై మెట్టు మీదే నిలబడిపోయాను, సాయానికైనా రాలేదు. తప్పుగా అనుకోకండి. అమ్మ కుర్చీలోంచి ఒక్కసారి తలెత్తి చూసింది, అంతే.

మీరెళ్ళాక బల్ల ముందుకి లాగాను. బావగారు చెప్పిందే నిజం. ఓడ ఇటువైపు వంగిపోయింది. వెన్నుకర్ర అరటికాయలా తిరిగింది. అటు పక్క ఒట్టి ఎముకలు, వాటి మీద దుమ్ము. నాలుగు నెలల పని పాడైపోయింది. దాన్ని చూస్తూ ఇంట్లో కూర్చోలేక బండెక్కాను.

ఇక్కడ ఓడ అద్భుతంగా ఉంది. మూడు స్తంభాలూ ఆకాశాన్ని తాకుతున్నాయి. ముప్ఫై ఒక్క తెరచాపలూ గాలికి నిండి ఉన్నాయి. ఫిరంగులు వరసగా డెబ్భై నాలుగు. జనం బాగా వస్తున్నారు. గాలి పీల్చుకోమని నువ్వన్నది నిజమే, మనసు తేలికపడింది. ఇంకో నాలుగు రోజులుండి వెళ్తాను. అమ్మకి మందులు వేళకి ఇవ్వండి. లేచేటప్పుడు ఎడమ భుజం అందించాలి, కుడి కాదు.

మీ
అన్నయ్య


ప్రియమైన అన్నయ్యకు,

కోపం లేదు, జాగ్రత్తగా చదువు.

నీ ఉత్తరం మీద ముద్ర రేవు ఊరిది కాదు, మీ వీధి చివరి పోస్టాఫీసుది. మీ బావకి చూపిస్తే ఆయన ఇంకో తప్పు పట్టుకున్నారు. "రేవులో కట్టేసిన ఓడకి తెరచాపలన్నీ విప్పి ఎవరుంచుతారే? తాళ్ళు తెంపుకుని పోదూ?" అన్నారు. నువ్వు వెళ్ళలేదు. గోడ మీది నక్షా చూసి రాసేశావు.

నేనూ ఒకటి చెప్పాలి. అమ్మ వచ్చిన నాలుగో రోజు పొద్దున నేను లేచేసరికి పొయ్యి దగ్గర నిలబడి టీ పెడుతోంది. ఏమీ పట్టుకోలేదు. నన్ను చూసి గబుక్కున గట్టు పట్టుకుంది. తర్వాత ఏమనుకుందో వదిలేసింది. ఆ సాయంత్రం మలుపు దాకా నడిచి వెళ్ళి సబ్బు కొనుక్కొచ్చింది. కూర్చోబెట్టి అడిగాను. అమ్మ మాటలు ఉన్నవున్నట్టు రాస్తున్నాను:

"రెండో ఏడే నయమైపోయిందే. ఆఫీసు మూసేశాక వాడు ఏడు నెలలు గోడవైపు తిరిగి పడుకున్నాడు, నీకు తెలీదు. నేను పడ్డాక లేచాడు. గడ్డం గీసుకున్నాడు, వంట నేర్చుకున్నాడు, పని వెతుక్కున్నాడు. నేను లేచి నడిస్తే వాడు మళ్ళీ పడుకుంటాడని భయం."

ఏడేళ్ళు, అన్నయ్యా! కాళ్ళుండి ఏడేళ్ళు మంచం పట్టుకుని ఉంది. ఆవిడ మీద కోపం వచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది, ఇప్పుడు రెండూ ఉన్నాయి. నీకెంత కోపం వస్తుందో ఊహించగలను. కానీ ఒకటి, ఇప్పుడు నిన్ను కట్టేసేది ఏదీ లేదు. పదిహేను రోజులు ఆదివారంతో అయిపోతాయి. అమ్మ సంచీ సర్దుకుని కూర్చుంది. "వాడు రమ్మంటే వెళ్తాను, వద్దంటే ఉంటాను" అంటోంది. తీసుకురమ్మంటావా? నీ మాట కోసం చూస్తున్నాను.

నీ
బుడంకాయ


ప్రియమైన బుడంకాయకి,

వెళ్ళలేదు. మీరెళ్ళిన మర్నాడు సంచీ సర్దుకుని వీధిలోకి దిగాను. గ్యాసు కట్టేశానా లేదా అని వెనక్కి వచ్చాను. కట్టేసే ఉంది. ఆ మర్నాడు స్టేషను దాకా వెళ్ళాను, టిక్కెట్టు కొన్నాను. బండి సరిగ్గా తొమ్మిదీ పదకొండుకి వచ్చి, నాలుగు నిమిషాలు ఆగి, వెళ్ళిపోయింది. ఆ పేజీ దిద్దింది నేనే. పెట్టె తలుపు నా ఎదురుగానే ఉంది. కాలు కదల్లేదు. ఇంటికొచ్చి మీకా ఉత్తరం రాశాను.

అమ్మ మీద నాకు కోపం రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది.

ఐదేళ్ళ కిందట ఒకరోజు ప్రెస్సు మూసి ఉంటే పావుగంటలో తిరిగొచ్చాను. తలుపు ఓరగా ఉంది. అమ్మ పీట మీద నిలబడి కిటికీ అద్దాలు తుడుస్తోంది, ఏదో కూనిరాగం తీస్తూ. ఎంత హాయిగా తుడుస్తోందో! చప్పుడు చేయకుండా వెనక్కి తిరిగి, కింది అంతస్తు మెట్ల మీద కూర్చున్నాను. గంట పూర్తయ్యేదాకా కూర్చుని, అప్పుడు అడుగులు గట్టిగా వేసుకుంటూ ఎక్కాను. ఆనాటి నుంచీ ప్రెస్సుకి వెళ్ళొచ్చిన ప్రతిసారీ రెండో అంతస్తులోనే దగ్గుతాను. ఆవిడ మంచమెక్కడానికి టైమివ్వాలి కదా. లోపలికెళ్ళి భుజం అందిస్తాను. ఆవిడ పట్టుకుని "అబ్బా" అంటుంది.

నాకు తెలుసే. ఐదేళ్ళుగా తెలుసు. ఆవిడ నా కోసం దాచింది, నేను కూడా నా కోసమే దాచాను. "అమ్మని వదిలి ఎక్కడికి రాను?" అంటే ఎవరూ మారుమాట్లాడరు. పాపం, మంచి కొడుకు అంటారు. నువ్వూ అన్నావు. ఆ మాట చాటున బయటికి వెళ్ళే భయమంతా దాచుకున్నాను. వంద మందిలో నిలబడి మళ్ళీ "నువ్వు అక్కర్లేదు" అనిపించుకోవడం నా వల్ల కాదనుకున్నాను. ఆవిడ కాళ్ళు కట్టేసి నేను కూర్చున్నాను, బుడంకాయా. నన్ను ఎవరూ కట్టేయలేదు.

ఈ ఉత్తరం అమ్మకి చదివి వినిపించు. ఏ ముక్కా దాటెయ్యకు, దగ్గు సంగతి కూడా చదువు. ఆవిడ ఏడిస్తే ఏడవనీ. తర్వాత ఆ సంచీ విప్పి బట్టలు బీరువాలో పెట్టించు.

ఆదివారం తీసుకురావద్దు. ఇల్లు ఎంత చప్పుడు లేకుండా ఉందంటే, నిన్న ఒకసారి ఖాళీ మంచానికి భుజం అందించబోయాను. ఇంకో వారానికి ఉండలేను, నాకు తెలుసు. అప్పుడు అమ్మని పంపమని రాస్తాను. జ్వరమని రాస్తాను, ఒంటరిగా ఉన్నానని రాస్తాను, అమ్మ కోసమే బెంగగా ఉందని రాస్తాను. అవన్నీ నిజమే అయి ఉంటాయి. అయినా పంపకు.

నీ
అన్నయ్య