పొడి మారిందని చెప్పండి

అల్ నహ్దా, షార్జా
3 అక్టోబరు 2022

రమీజ్ గారికి,

నమస్కారం. మీ కెఫెటేరియా ఉన్న బిల్డింగ్‌లోనే మూడో అంతస్తులో ఉండే వీరరాఘవరావును. మీరు అజ్మాన్‌లో కొత్త కొట్టు పెట్టి వెళ్ళాక ఇక్కడ షఫీ టీ కాస్తున్నాడు. అతని మీద ఫిర్యాదు.

టీ చిక్కగా ఉంది. తియ్యగా ఉంది. మీరు ఉన్నప్పుడు ఇలా లేదు. మీ టీ ఏటేటా పల్చబడుతూ వచ్చింది. అడిగితే పొడి మారిందన్నారు. నేను అలవాటు పడ్డాను. నాకు ఆ పాత టీయే కావాలి. నా భార్య ఉన్నప్పటి టీ అది.

ఫోన్‌లో ఇవన్నీ చెప్పలేను. రొట్టెల వ్యాను రెండు కొట్లకూ వస్తుంది కాబట్టి డ్రైవరు చేతికి ఇస్తున్నాను.

ఇట్లు,
వీరరాఘవరావు

తా.క.: జవాబు కొట్లోనే ఉంచండి. పైకి పంపొద్దు. నేను టీ తాగుతానని ఇంట్లో తెలియదు. ఇంట్లో ఇప్పుడు ఎవరూ లేరు. అయినా పంపొద్దు.

---

అజ్మాన్
6 అక్టోబరు

పెద్దలు వీరరాఘవరావు సార్‌కి రాయచోటి రమీజ్ సలాములు.

ఇరవై ఏండ్లుగా చాయ్ అమ్ముతున్నా సార్. చాయ్ బాగుందని ఫిర్యాదు రాసిన మనిషిని మిమ్మల్నే చూస్తున్నా. షఫీకి ఫోన్ చేసి "ఏం చేసినావయ్యా సార్ చాయ్‌ని?" అంటే, "అందరికీ పోసిందే పోసినా భాయ్" అని ఏడ్వడం ఒకటే తక్కువ. కేరళ మనిషి, పొడి విషయంలో చెయ్యి పెద్దది.

మీ కోపం తగ్గాలని రేపటి నుంచి మీకు కుంకుమపువ్వు చాయ్ పోయమన్నా. ఖర్చు నాది. ఇంక ఖలాస్, మనసులో పెట్టుకోవద్దు.

మీ రమీజ్

తా.క.: సోమవారం వస్తే సలోమక్క గుర్తుకొస్తాది సార్. పొద్దున పది గంటలకి, గల్లా పక్క బల్ల. ఆ బల్ల ఎవరికీ ఇయ్యబుద్ధి కాక అజ్మాన్‌కి తెచ్చుకున్నా.

---

అల్ నహ్దా
10 అక్టోబరు

రమీజ్ గారూ,

కుంకుమపువ్వు ఆపించండి. ఇప్పుడు విషయం అది కాదు. నా భార్య పేరు మీకెలా తెలుసు?

సలోమిది మోర్మన్ అనే క్రైస్తవ సంఘం. రాజమండ్రిలో చిన్నప్పటి నుంచి ఆ సంఘమే. వాళ్ళకు టీ, కాఫీ నిషిద్ధం. కాఫీ వాసన ఉన్న చాక్లెట్ కూడా మా అమ్మాయి షారోనును తిననిచ్చేది కాదు. నెలకోసారి పస్తుండి, ఆ పూట భోజనం ఖర్చు లేనివాళ్ళకు ఇచ్చేది. సోమవారం సాయంత్రం టీవీ కట్టేసి, మా ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి పాట పాడించేది. నాకు పాట రాదు. అయినా పాడించేది. మంచం కింద రెండేళ్ళకు సరిపడా బియ్యం, పప్పు డబ్బాల్లో పోసి, ప్రతి డబ్బా మీద ఎప్పుడు విప్పాలో తేదీ రాసి పెట్టింది. షారోను సంఘం పని మీద ఫిలిప్పీన్స్ వెళ్ళింది. నేను ఇంకా ఆ తేదీల ప్రకారమే వండుకుంటున్నాను.

అలాంటి మనిషి మీ కొట్లో కూర్చుని టీ తాగిందా?

పెళ్ళికి ముందు నేనూ బాప్తిస్మం తీసుకున్నాను. టీ మానేస్తానని మాటిచ్చాను. మానలేదు. సోంపు నమిలి పైకి వెళ్ళేవాణ్ణి. వేరే దేశంలో ఉన్న వాళ్ళ మందిరంలో, భార్యాభర్తలను చావు తర్వాత కూడా విడిపోకుండా కలిపే కార్యం ఒకటి చేస్తారు. ఆమె నన్ను అడిగింది అదొక్కటే. దానికి ముందు సంఘ పెద్ద ఎదురుగా కూర్చుని, టీ తాగుతావా అని అడుగుతాడు. అబద్ధం చెప్పలేను. నిజం చెబితే ఆమెకు తెలుస్తుంది. ఇరవై రెండేళ్ళు సెలవు దొరకలేదన్నాను. నిరుడు ఫిబ్రవరిలో ఆమె పోయింది.

ఇప్పటికీ ఆ కార్యం జరిపించవచ్చట. ఆమె బదులు మరొకరు నిలబడతారు. ప్రశ్నకు జవాబు మాత్రం నేనే చెప్పాలి.

జరిగింది జరిగినట్టు రాయండి.

వీరరాఘవరావు

తా.క.: ఆమె తాగి ఉంటే నాకు కోపం లేదు. ముందే తెలిసుంటే ఇద్దరం ఒకే బల్ల దగ్గర తాగేవాళ్ళం కదా అని.

---

అజ్మాన్
15 అక్టోబరు

సార్,

అల్లా సాక్షి, అక్క గ్లాసు ముట్టలేదు. తాగింది నేను.

ఏడేండ్లు, ప్రతి సోమవారం, మీరు ఆఫీసుకి పోయినాక అక్క దిగి వచ్చేది. "ఆయనకి పోసే టీ పొయ్యి" అనేది. పోస్తే నా ముందుకే తోసి "తాగు" అనేది. తాగితే "తియ్యగా ఉందా?" అనేది. ఒకసారి మీ మీద జాలేసి రెండు చెంచాలు వేసి, "అస్సలు తీపి లేదక్కా" అన్నా. "మరి నీ గ్లాసు చుట్టూ చీమలెందుకు రమీజూ?" అనింది. అప్పటి నుంచి అబద్ధం ఆడలే. మీ చాయ్ తాగీ తాగీ నాకు చాయ్ అంటేనే విరక్తి పుట్టింది సార్.

ఎవరికీ చెప్పనని అక్కకి మాటిచ్చినా. మీరు అక్కనే అనుమానించినాక ఇంక ఆ మాట నిలుపుకోలేను. నిన్న అల్ నహ్దా పోయినా. పొయ్యి వెనక గోడకి అక్క అతికించిన చీటీ లేదు. షఫీకి తెలుగు రాదు కదా, అదేదో దువా అనుకొని, భక్తిగా ప్లాస్టిక్ వేయించి గల్లా పైన కట్టినాడు. రోజూ దాని కింద నిలబడి బిస్మిల్లా అని కొట్టు తెరుస్తున్నాడు. విప్పి తెచ్చినా. దీంతో పాటు పంపుతున్నా.

"మా ఆయన టీ.
2014: చక్కెర రెండు చెంచాలు.
2016: ఒకటి.
2018: అర.
2020: టీ పొడి సగం.
2021: చిటికెడు.
2023: పాలు, నీళ్ళు మాత్రమే.
అడిగితే పొడి మారిందని చెప్పండి. ఆయన మానలేరు. తెలియకుండా మానిపించాలి. అప్పుడు ఎవరడిగినా ఆయన అబద్ధం చెప్పక్కర్లేదు."

అక్క పోయినాక కూడా తేదీ తప్పలేదు సార్. నేను అజ్మాన్ వచ్చినాకే తప్పింది. క్షమించండి.

రమీజ్

తా.క.: పొడి లేకుంటే రంగు ఎట్లొస్తాది అక్కా అని అడిగినా. "తాగేటప్పుడు ఆవిరికి కళ్ళజోడు తీసేస్తారు. ఏమీ కనపడదు" అనింది. నీకెట్ల తెలుసంటే వేలు పైకి చూపించింది. మీ బాల్కనీ సార్.

---

అల్ నహ్దా
20 అక్టోబరు

తమ్ముడు రమీజ్‌కు,

చీటీ అందింది.

ఇన్నేళ్ళూ రోడ్డు అంచున నిలబడి, ఇటూ అటూ చూసి తాగాను. ఒక్కసారి తల ఎత్తి ఉంటే సరిపోయేది.

షఫీకి కొత్త చీటీ రాసిచ్చాను, హిందీలో. ఒకటే లైను: మూడో అంతస్తుకు పాలు, నీళ్ళు. 2023 దాకా ఆగను. అతను నన్ను రెండుసార్లు "పక్కా?" అని అడిగాడు.

మా సంఘ పెద్దను కలుస్తానని చెప్పాను. జనవరిలో రమ్మన్నారు. ఆఫీసులో సెలవు అడిగాను. ఒక్క నిమిషంలో ఇచ్చారు.

సలోమి చీటీ నా దగ్గరే ఉంచుకుంటున్నాను. అది కట్టాక బేరం పెరిగిందని, తిరిగి ఇమ్మని షఫీ అడుగుతున్నాడు. ఇవ్వలేదు. నా సోంపు డబ్బా ఇచ్చాను.

ఇట్లు,
వీరరాఘవరావు

తా.క.: ఈ సాయంత్రం బాల్కనీకి ఎదురుగా నిలబడి తాగాను. కళ్ళజోడు తీయలేదు. గ్లాసులో తెల్లగానే ఉంది. రుచిలో మీ పాత టీకి పెద్ద తేడా తెలియలేదు.